పెట్టె మీద వయసు సరే, మీ నాలుగేళ్ల పాప ఆడగలదా? పార్టీ గేమ్ కొనే ముందు చూడవలసినవి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీకు 4, 7, 10 ఏళ్ల పిల్లలు ముగ్గురు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడేందుకు ఒక పార్టీ గేమ్, అంటే అందరూ ఒకే తెర ముందు కూర్చుని ఆడే వీడియో గేమ్, కొనాలనుకుంటున్నారు. పెట్టె మీద "3 ఏళ్లు, ఆపైన" అని రేటింగ్ ఉంది కాబట్టి నిశ్చింతగా కొనవచ్చా అన్నది మొదటి ప్రశ్న. చిన్నపాపకు ఆడటం రాకపోతే ఆటకు కనెక్ట్ చేయని కంట్రోలర్ (చేతిలో పట్టుకుని ఆడే పరికరం) చేతికిచ్చి కూర్చోబెట్టవచ్చా అన్నది రెండోది. ఆ రెండో ప్రశ్నను మీరు చివర్లో, కాస్త మొహమాటంగా అడిగారు. నాకు మాత్రం అసలు ప్రశ్న అదేననిపించింది.

నేను ఒక పిల్లల గ్రంథాలయంలో వారాంతపు ఆటల గదిని 12 ఏళ్లుగా చూసుకుంటున్నాను. అక్కడికి వచ్చేవి ఎక్కువగా మీలాంటి కుటుంబాలే. వేర్వేరు వయసుల పిల్లలు, ఆటలంటే పెద్దగా అలవాటు లేని తల్లిదండ్రులు, అందరికీ కలిపి ఒకే తెర. ఏ ఆట పెడితే గదిలో నవ్వులు వినిపిస్తాయో, ఏ ఆట పెడితే పది నిమిషాల్లో ఒక పిల్లవాడు ఏడుస్తూ మూలకు చేరతాడో చూస్తూ వచ్చాను. ఆ చూసిన దాన్ని బట్టే చెబుతున్నాను.

ముందు రేటింగ్ సంగతి. ఐరోపాలో 2003 నుంచి అమలులో ఉన్న పెగీ పద్ధతిలో 3, 7, 12, 16, 18 అని అయిదు మెట్లు ఉంటాయి. ఉత్తర అమెరికాలో 1994లో ఏర్పడిన ఈఎస్ఆర్‌బీ అంకెల బదులు ఎక్కువగా అక్షరాలు వాడుతుంది. 'ఈ' అంటే అందరికీ, 'ఈ 10 ప్లస్' అంటే పదేళ్లు దాటిన వారికి, 'టీ' అంటే పదమూడు దాటిన వారికి. రెండు సంస్థలూ చూసేది ఆటలో ఏముందన్నదే. కొట్లాట ఎంత ఉంది, బూతులున్నాయా, భయపెట్టే దృశ్యాలున్నాయా, జూదం ఛాయలున్నాయా అని చూసి ముద్ర వేస్తాయి. ఆట ఎంత కష్టమో అవి కొలవవు, కొలుస్తామని చెప్పుకోవు కూడా. చదరంగాన్ని వీడియో గేమ్‌గా చేస్తే దానికీ పెగీ 3 రావచ్చు. మూడేళ్ల పాప ఆ తెర ముందు కూర్చుంటే ఆమెకు హాని కలిగించేది ఏదీ అందులో లేదని మాత్రమే ఆ అంకెకు అర్థం.

అలాగని రేటింగ్‌ను కొట్టిపారేయకండి. అంకెను చూసి ఆగిపోకుండా దాని పక్కన ఉండే గుర్తులు, చిన్న అక్షరాల పంక్తులు చదవండి. ఆటగాళ్లు ఆన్‌లైన్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరా, ఆటలో డబ్బు పెట్టి కొనేవి ఉన్నాయా అన్నది ఈఎస్ఆర్‌బీ ముద్ర కింద రాసి ఉంటుంది. కొనేటప్పుడు ఏం వస్తుందో ముందు తెలియని వస్తువులుంటే 2020 నుంచి ఆ సంగతినీ విడిగా రాస్తున్నారు. పెగీలో కూడా కొనుగోళ్లకు ఒక గుర్తు ఉంది. అంకె 3 అని ఉన్నా పక్కన ఈ గుర్తు ఉండవచ్చు. నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో నేను అంకె కంటే ముందు చదివేది ఈ పంక్తులనే.

ఇక ఆట దగ్గరికి వద్దాం. పెద్ద పిల్లలు ఆడుకుంటూ చిన్నవాళ్లను కలుపుకున్నప్పుడు వాళ్లను మనం 'ఆటలో అరటిపండు' అంటాం. వాళ్లు దొరికినా దొంగ కారు, ఔటైనా ఔట్ కాదు. ఆ ఏర్పాటులో పెద్ద పిల్లల మంచితనం ఉంది. పార్టీ గేమ్‌ను పరిశీలించేటప్పుడు నేను మొదట వెతికేది ఆ ఏర్పాటునే. ఆట తయారు చేసినవాళ్లు అరటిపండుకు చోటు ఉంచారా? ఉంచితే, ఆ చోటులో ఆ చిన్న చేతులు చేయగలిగిన పని నిజంగా ఏదైనా ఉందా?

కొన్ని ఆటల్లో ఈ చోటు చాలా శ్రద్ధగా ఉంచారు. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ పందెం ఆటే అయినా చాలా ఇళ్లలో అదే పార్టీ గేమ్. అందులో బండి దారి తప్పకుండా ఆటే చూసుకునే సెట్టింగ్ ఒకటి, వేగం దానంతట అదే అందుకునే సెట్టింగ్ ఒకటి ఉన్నాయి. రెండూ పెడితే నాలుగేళ్ల పాప చేయాల్సిందల్లా ఇష్టం వచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పడం, దొరికిన వస్తువును విసరడం. పందెం పూర్తి చేస్తుంది, అప్పుడప్పుడూ అన్నను దాటేస్తుంది కూడా. 2023 నాటి సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో యోషీ, నాబిట్ పాత్రలకు శత్రువులు తగిలినా ఏమీ కాదు. 2007 నాటి సూపర్ మారియో గెలాక్సీలో ఒకరు ఆడుతుంటే రెండో మనిషి తెర మీద గురిపెట్టి చిన్న చిన్న నక్షత్రాల ముక్కలు ఏరుతూ సాయపడవచ్చు. పార్టీ గేమ్‌లు కాకపోయినా ఈ రెండింటిని ప్రస్తావించడానికి కారణం ఉంది. చిన్నవాళ్లకు ఎలాంటి పని ఇవ్వవచ్చో అవి చూపిస్తాయి.

ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా గమనించండి. ఆట ఇచ్చే సౌలభ్యం ఒక్కొక్కరికీ విడిగా ఉందా, అందరికీ కలిపి ఉందా? మారియో కార్ట్‌లో పాపకు ఆ సెట్టింగ్ పెట్టినంత మాత్రాన మీ పదేళ్లవాడి బండికి ఏమీ కాదు, అతను తన నైపుణ్యంతో తాను ఆడుకుంటాడు. చాలా సహకార ఆటల్లో అలా కాదు. ఉదాహరణకు 2020లో వచ్చిన ఓవర్‌కుక్డ్ ఆల్ యు కెన్ ఈట్‌లో సహాయ సెట్టింగ్‌లు ఉన్నాయి. సమయం పెంచుకోవచ్చు, కష్టమైన లెవెల్ దాటేయవచ్చు. అవి మంచి సెట్టింగ్‌లు, కానీ మొత్తం జట్టుకు వర్తిస్తాయి. చిన్నపాపకు సరిపోయేంత వరకు తగ్గిస్తే పదేళ్లవాడికి విసుగు పుడుతుంది, అతనికి తగ్గట్టు పెడితే పాప తికమకపడుతుంది. ముగ్గురి మధ్య ఆరేళ్ల తేడా ఉన్న మీ ఇంటికి విడివిడి సౌలభ్యం ఉన్న ఆటే కావాలి. పెట్టె మీద ఇది రాసి ఉండదు. ఆట సెట్టింగ్‌ల తెరను ఏదైనా వీడియోలో చూసి తెలుసుకోవాలి.

సహకార ఆట అయితే గొడవలుండవని చాలామంది తల్లిదండ్రులు నాతో అంటుంటారు. మా గదిలో నేను చూసింది వేరు. పోటీ ఆటలో చిన్నవాడు తప్పు చేస్తే నష్టం అతనికే. గడియారం పరిగెడుతూ ఉండే సహకార ఆటలో అతని తప్పుకు అందరూ ఓడిపోతారు. "నీ వల్లే పోయింది" అన్న మాట నేను ఎక్కువసార్లు విన్నది ఇలాంటి ఆటల దగ్గరే, అదీ ఎక్కువగా ఏడెనిమిదేళ్ల పిల్లల నోటి నుంచి. ఆ వయసులో నియమాలంటే ప్రాణం. చెల్లెలు నియమం తప్పితే వాళ్లు నిజంగానే బాధపడతారు. కాబట్టి సహకార ఆట ఎంచుకుంటే ఒకరి పొరపాటుతో మొత్తం ఆట ముగిసిపోతుందా, లేక ఆ ఒక్కరూ ఒక క్షణం ఆగి తిరిగి వచ్చేస్తారా అన్నది చూడండి. గాలిబుడగలో తేలుతూ తిరిగి వచ్చే పద్ధతి ఉన్న ఆటలు చిన్నవాళ్లకు మేలు.

చదవడం గురించి. మీ నాలుగేళ్ల పాపకు చదవడం రాదు. ఏడేళ్లవాడు చదువుతాడు గానీ తెర మీద మూడు సెకన్లు ఉండి పోయే వాక్యాన్ని అందుకోలేడు, అందులోనూ ఆట భాష ఇంట్లో మాట్లాడే భాష కాకపోతే. అందరూ ఫోన్ చేతబట్టుకుని జవాబులు టైపు చేసే జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్ వంటి ఆటలు 2014 నుంచి పెద్దల సమావేశాల్లో బాగా పేరు తెచ్చుకున్నాయి. వాటిలో కొన్నింటికి కుటుంబానికి తగిన ప్రశ్నలే వచ్చేలా సెట్టింగ్ ఉంది. అయినా గబగబా చదివి, చమత్కారంగా రాయాలి. మీ ఇంట్లో దాన్ని ఆడగలిగేది పదేళ్లవాడు, మీరిద్దరూ. మిగతా ఇద్దరూ ప్రేక్షకులు.

దీన్ని పరీక్షించడానికి నాకు ఒక పద్ధతి ఉంది. కొనాలనుకున్న ఆటను ఎవరో వ్యాఖ్యానం లేకుండా ఆడుతున్న వీడియో వెతకండి. ధ్వని ఆపేయండి. కింద కనిపించే అక్షరాలను ఒక కాగితంతో కప్పి ఇరవై నిమిషాలు చూడండి. ఒక్కో మినీగేమ్‌లో, అంటే పార్టీ గేమ్‌లో మధ్యమధ్యలో వచ్చే చిన్న ఆటలో, ఏం చేయాలో బొమ్మలను బట్టే మీకు అర్థమైతే పాపకూ అర్థమవుతుంది. మీకే అర్థం కాకపోతే ఆ సాయంత్రమంతా మీరు దుబాసీగా పనిచేయాల్సి వస్తుంది. ప్రతి మినీగేమ్ ముందు సాధన చేసే అవకాశం ఉందా, అందరూ సిద్ధమని బటన్ నొక్కేవరకు ఆట ఆగుతుందా అన్నవి కూడా అదే వీడియోలో కనిపిస్తాయి. మారియో పార్టీ వరుసలో ఈ సాధన ఏర్పాటు ఉంటుంది. మా గదిలో నేను సాధన దగ్గరే చాలాసేపు ఆగిపోతాను. నాలుగేళ్ల పిల్లలు కొందరికి అసలు ఆట కంటే ఆ సాధనే ఇష్టం, ఎందుకంటే అక్కడ ఎవరూ గెలవరు.

చేతుల సంగతి పెద్దలు మరిచిపోతారు. కంట్రోలర్‌ను పెద్దల అరచేతుల కొలతకు చేస్తారు. ఒక స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల), ఒక బటన్‌తో నడిచే మినీగేమ్‌లు నాలుగేళ్ల పిల్లలకు అందుతాయి. రెండు స్టిక్‌లు ఒకేసారి తిప్పాలంటే, వేళ్ల వెనుక ఉన్న బటన్లు నొక్కాలంటే ఏడేళ్లవాడికి కూడా కష్టమే. వేగంగా బటన్ కొట్టే మినీగేమ్‌లలో చిన్నవాళ్లు బొటనవేలు వదిలి చూపుడు వేలితో పొడుస్తారు, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుంటారు. అది వాళ్ల పద్ధతి, సరిదిద్దకండి.

ఆట తయారీదారులే ఈ విషయంలో పాఠం నేర్చుకున్న సందర్భం ఉంది. 1998లో వచ్చిన మొదటి మారియో పార్టీలో కొన్ని మినీగేమ్‌లలో స్టిక్‌ను వీలైనంత వేగంగా గుండ్రంగా తిప్పాలి. పిల్లలు అరచేతితో రుద్ది తిప్పేవారు. చేతులకు బొబ్బలు, గాయాలు అయ్యాయని ఫిర్యాదులు వచ్చాయి. 2000లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఆట కంపెనీ నింటెండో చేతి తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. అది అన్ని వయసులవారికీ తగినదని పేరుపడ్డ ఆటే.

చేయి ఊపి ఆడే ఆటలు చిన్నవాళ్లకు సులువుగా అర్థమవుతాయి, అందుకే 2006 నాటి వీ స్పోర్ట్స్ అంతమందిని ఆకట్టుకుంది. కానీ మణికట్టు పట్టీ తప్పనిసరి, పిల్లల మధ్య చేయి చాచినంత దూరం ఉండాలి. ఎన్ని కంట్రోలర్లు, ఏ రకంవి కావాలో కూడా ముందే చూసుకోండి. నలుగురు ఆడవచ్చని రాసి ఉంటే నాలుగు కంట్రోలర్లు మీరే సమకూర్చుకోవాలి. 2018 నాటి సూపర్ మారియో పార్టీ ఒక్కొక్కరికీ ఒక జాయ్-కాన్‌తోనే (నింటెండో స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్) నడుస్తుంది, విడిగా అమ్మే పెద్ద ప్రో కంట్రోలర్‌ను ఒప్పుకోదు. 2021 నాటి మారియో పార్టీ సూపర్‌స్టార్స్‌లో మినీగేమ్‌లన్నీ బటన్లతోనే ఆడవచ్చు. ఒకే వరుసలోని రెండు ఆటల మధ్యే ఇంత తేడా ఉంది.

ఓడిపోవడం గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఆట అటకెక్కేది దీనివల్లే. ఓటమి ఎక్కువ బాధించేది అందరికంటే చిన్నవాళ్లనే అనుకుంటాం. నేను చూసినంతవరకు నాలుగేళ్ల పిల్లలు స్థానం పట్టించుకోరు. నాలుగో స్థానం వచ్చినా తన పాత్ర గంతులేస్తే చాలు. విలవిల్లాడేది ఆరేడేళ్ల పిల్లలు. వాళ్లకు గెలుపు లెక్క తెలుసు, ఓటమిని మోయడం ఇంకా రాదు. మీ ఇంట్లో మీరు కనిపెట్టి చూడవలసింది మధ్యవాడిని.

అదృష్టం పాలు ఎంత ఉందన్నది ఇందుకే ముఖ్యం. వైకుంఠపాళిలో తాతను మనవరాలు ఓడించగలదు, పాచికకు వయసుతో పని లేదు కాబట్టి. పాచిక వేసి నడిచే పార్టీ గేమ్‌లకు ఆ సుగుణం ఉంది. అయితే కొన్నింటిలో చివరి నిమిషంలో ఒకరి సంపాదన మరొకరు దోచుకునే మలుపులు, ఆట ముగిశాక అనుకోకుండా పంచే బహుమతులు ఉంటాయి. పెద్దలకు అవి నవ్వు తెప్పిస్తాయి. గంటసేపు కష్టపడి దాచుకున్న నక్షత్రాన్ని పోగొట్టుకున్న ఏడేళ్లవాడికి మాత్రం అది అన్యాయం. అతను చెప్పేది నిజం కూడా. అలాంటి మలుపులను సెట్టింగ్‌లలో ఆపగలిగితే మొదటి నెల ఆపండి. లేకపోతే ఆట మొదలవక ముందే "ఇందులో దొంగతనాలుంటాయి, మన నక్షత్రమూ పోవచ్చు" అని చెప్పండి. ముందే తెలిసిన నష్టాన్ని పిల్లలు చాలా బాగా తట్టుకుంటారు.

ఎంతసేపు కూర్చోవాలి, అందులో ఎంతసేపు ఎదురుచూడాలి అన్నది కూడా లెక్కే. పాచిక రకం ఆటలో పది వంతులు పెట్టుకున్నా ముప్పావు గంట నుంచి గంట పట్టవచ్చు. నలుగురు ఆడుతుంటే మినీగేమ్‌లు పోగా మిగిలిన సమయంలో మూడొంతులు ఇతరుల వంతు చూడటమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2 నుంచి 4 ఏళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మీ పాపకు ఒక్క ఆటతోనే ఆ గంట అయిపోతుంది. బోర్డు పక్కన పెట్టి మినీగేమ్‌లు మాత్రమే విడిగా ఆడుకునే వీలుందా, మధ్యలో ఆపి రేపు కొనసాగించవచ్చా అని చూడండి. ఔటైనవారు మిగతా ఆట అయ్యేవరకు ఖాళీగా కూర్చోవలసిన ఆటలను నేను చిన్నపిల్లల ముందు పెట్టను. కొన్ని బాంబర్‌మ్యాన్ ఆటల్లో ఔటైనవారు మైదానం అంచు నుంచి బాంబులు విసురుతూ ఆటలోనే ఉంటారు. అలాంటి చిన్న ఏర్పాటు చాలు.

భయం గురించి ఒక మాట. రక్తం లేదు కదా అని ఊరుకోవద్దు. చిన్నపిల్లలను భయపెట్టేవి వెంటాడే పాత్రలు, హఠాత్తుగా చీకటిపడే తెర, వికటంగా నవ్వే గొంతులు. మెరుపుల్లాంటి వెలుగులు ఎక్కువగా ఉన్నా జాగ్రత్తపడాలి. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరవడంతో 600 మందికి పైగా ఆసుపత్రులకు వెళ్లవలసి వచ్చింది, వారిలో ఎక్కువమంది పిల్లలే. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ఆట కొనే ముందు వైద్యుడిని అడగండి, ఆడేటప్పుడు గదిలో దీపం వెలిగించి ఉంచండి.

ఆన్‌లైన్ విషయంలో నేను బేరమాడను. పదేళ్లలోపు పిల్లలుండే ఇంట్లో పార్టీ గేమ్ ఇంటర్నెట్ లేకుండా పూర్తిగా ఆడగలిగేదై ఉండాలి. అపరిచితులతో మాటలు మొదటి రోజే ఆపేయాలి. కంపెనీ ముందుగా పెట్టి ఇచ్చే సెట్టింగ్ పిల్లలకు క్షేమంగానే ఉంటుందని నమ్మవద్దు. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్, పిల్లల గోప్యతకు సంబంధించిన ఆరోపణలపై 27.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందం చేసుకుంది. పిల్లలకు కూడా మాటల చాట్ ముందుగానే తెరిచి ఉంచారన్నది ఆ ఆరోపణల్లో ఒకటి. స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అనే ఆట యంత్రాలు మూడింటిలోనూ పేరెంటల్ కంట్రోల్స్ (పిల్లల వాడకానికి హద్దులు పెట్టే సెట్టింగ్‌లు) ఉన్నాయి. పిల్లలకు వేరే ఖాతా చేసి, కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ తర్వాతే ఆటను తెరవండి. ఆట పెట్టె విప్పాక పిల్లలు ఆగరు కాబట్టి ఇది ముందు రాత్రే చేయవలసిన పని.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కనెక్ట్ చేయని కంట్రోలర్ ఇవ్వడం రెండేళ్ల పాపకైతే నేనూ సరేనంటాను. ఆ వయసులో అది బొమ్మ. నాలుగేళ్లకు వద్దు. మా గదికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చేవారు. అన్న ప్రతివారం తమ్ముడికి అలాంటి కంట్రోలర్ ఇచ్చేవాడు, ఎంతో ప్రేమగా, "అదిగో ఆ పచ్చది నువ్వే" అని. తమ్ముడికి అయిదేళ్లు. మూడో వారం ఆట మధ్యలో అతను తన కంట్రోలర్‌ను తిప్పి చూశాడు, అన్న చేతిలోది చూశాడు. అన్నదానికి చిన్న దీపం వెలుగుతోంది, తనదానికి లేదు. ఏడవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. కంట్రోలర్ కింద పెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా వారాలపాటు ఎవరు కంట్రోలర్ ఇచ్చినా ముందు బటన్ నొక్కి దీపం వెలిగిందా లేదా అని చూసుకునేవాడు. తర్వాత నుంచి మా గదిలో కనెక్ట్ చేయని కంట్రోలర్ ఎవరికీ ఇవ్వడం లేదు.

మీ పాపను మీలో ఒకరితో కలిపి ఒక జట్టు చేయండి. ఇద్దరికీ ఒకే కంట్రోలర్. ఏ పాత్ర కావాలో ఆమే ఎంచుకుంటుంది. పాచిక వేసే బటన్ ఎప్పుడూ ఆమెదే, దాన్ని ఆమె చేతిలోంచి ఎవరూ లాక్కోకూడదు. సులువైన మినీగేమ్‌లు ఆమె, కష్టమైనవి మీరు. ఏది ఎవరిదో సాధన సమయంలో ఆమె చెబుతుంది. మొదటి వారం ఇరవై నిమిషాలకు మించి ఆడకండి, ఆమె ఇంకా ఆడదామంటున్నప్పుడే ఆపండి. పదేళ్లవాడికి చిన్నవాళ్లు నిద్రపోయాక మీతో పూర్తి కష్టంతో ఆడే అరగంట విడిగా ఇవ్వండి. అది దొరుకుతుందని తెలిస్తే సాయంత్రం ఆటలో చెల్లెలి కోసం ఆగడం అతనికి బరువు అనిపించదు.

వీలైతే కొనే ముందు ఎవరిదగ్గరైనా ఆ ఆటను రెండు రోజులకు అరువు తెచ్చుకోండి, లేదా ఉచిత డెమో ఉందేమో చూడండి. మొదటి రాత్రి మీరిద్దరే ఆడండి. మర్నాడు పిల్లలతో ఆడి, తెరను కాకుండా పాపను చూడండి. రెండో రోజు ఉదయం ఆమె వచ్చి ఏదో ఒక మినీగేమ్‌ను తన మాటల్లో, "కప్పలు దూకేది" అనో "పెద్ద బంతి వచ్చేది" అనో అడిగిందంటే కొనేయండి.